కాళ్లకు నీళ్లు

చెల్లె లచ్చిమీ,

నువ్వు పోయి ఏడాది తిరగనేలేదు, వాడు మన గూడేనికొచ్చిండు. తునికాకు కల్లంల నిన్ను చెరిచినోడే. అప్పుడు సమితి ప్రెసిడెంటు, ఇప్పుడు ఎమ్మెల్యే. ఆడపిల్లల హాస్టల్ తెరవనీకి వాడే దొరికిండు సర్కారోళ్లకు.

మన ఊరికొచ్చినోళ్లకు కాళ్లకు నీళ్లిస్తం గదా. ఇయ్యలేదంటే వానికి మన ఊర్ల చోటు లేదన్నట్టే. ఊరి పెద్ద నీళ్ల చెంబు తెచ్చి నా చేతుల్నే పెట్టిండు. "అయిందేదో అయిపాయె, ఇయ్యమ్మా" అన్నడు.

వాడు చెప్పులిడిసి కాళ్లు ముందుకు పెట్టిండు. నేను వాని మొఖంలకు చూసుకుంటనే నీళ్లన్నీ పక్కన మట్టిల పారబోసిన. వాని ఎంట వచ్చినోళ్లకు నీళ్లియ్యనీకి నా ఎనక నిలబడ్డ ఆడోళ్లంత వాళ్ల చెంబులు గూడ వంపిన్రు. వాడు దుమ్ము కాళ్లతోనే జీపెక్కిండు.

నీ కేసుకు సాక్షుల్లేరని మనల్ని ఎల్లగొట్టిన ఎస్సై పొద్దుగూకేసరికి ఇంటికొచ్చిండు. ఎమ్మెల్యేను అవమానించినవ్, కేసు రాస్త, ఊరంత సాక్ష్యమే అన్నడు.

"రాయున్రి సారూ. నీళ్లెందుకు పారబోసిన్నో గూడ రాయాలె. మా లచ్చిమి పేరు కాడికెళ్లి మొదలుపెట్టున్రి" అన్న.

పెన్ను మూసి జేబుల పెట్టుకున్నడు.

మీ అక్క