దూదికి వేసవి గుండు

మార్చి 12, 1995

జయ కుక్కను మా ఇంట్లో దించి వెళ్లాడు. జయచంద్ర మా తమ్ముడు, ఆర్మీలో కెప్టెన్. ఇన్నాళ్లూ కంటోన్మెంట్ క్వార్టర్‌లో పెంచుకున్నాడు. ఇప్పుడు సియాచిన్ వైపు పోస్టింగ్. దాన్ని అక్కడికి తీసుకెళ్లనివ్వరు. పేరు దూది. సమోయెడ్ అట, మంచుదేశాల జాతి. తెల్లగా, నడిచే పరుపులా ఉంది.

ఢిల్లీ ఆర్.కె. పురంలో మాది రెండు గదుల క్వార్టర్. మా ఆయన ముఖం ముడుచుకున్నారు. అది వెళ్లి ఆయన పాదాల మీదే పడుకుంది. కాసేపటికి ఆయనే బిస్కెట్ పెట్టారు.

జయ ఒక స్టీల్ దువ్వెన ఇచ్చాడు. రోజూ దువ్వాలి, బొచ్చు మాత్రం ఎప్పుడూ కత్తిరించొద్దు అని రెండుసార్లు చెప్పాడు. వాణ్ని ఎత్తుకుని పెంచింది నేను. నాకు చెప్పొచ్చాడు. డిసెంబర్‌లో వచ్చి తీసుకెళ్తాడట. తర్వాతి పోస్టింగ్ కొండల్లో అడిగాడట, సగం దీని కోసమే.

మార్చి 30

సాయంత్రం అయిదింటికి గుమ్మంలో పీట వేసుకుని దువ్వుతున్నాను. దువ్వెన తీసిన చప్పుడు వింటే చాలు, ఎక్కడున్నా వచ్చి నాకు వీపు పెట్టి కూర్చుంటుంది. పాలవాడికీ, గ్యాస్ వాడికీ, ఎదురింటి లీలావతిగారి పిల్లికీ కూడా తోక ఊపుతుంది. ఇక ఇంటికి కాపలా కాసినట్టే. ప్రత్యూష దానితో హిందీ మాట్లాడుతుంది, నేను తెలుగు. అది ఇద్దరి మాటా వింటుంది. నా కూతురి కంటే నయం.

ఏప్రిల్ 29

ఎండలు. కరెంటు పోతే కూలర్ ఆగిపోతోంది. దూది నాలుక వేలాడేసి బాత్రూమ్ నేల మీద పడుకుంటోంది. చూడలేకపోతున్నాను.

మే 7

మా బాపట్లలో ఎండాకాలం సెలవులివ్వగానే పిల్లలందరికీ గుండు, నెత్తిన గంధం. జయకి ఏటా నేనే దగ్గరుండి చేయించేదాన్ని. ఏడ్చేవాడు. సాయంత్రానికి, హాయిగా ఉందక్కా అనేవాడు.

రేపు మార్కెట్‌లో మంగలిని పిలుస్తాను. ఆయన వద్దంటున్నారు. వాడి కుక్క, వాణ్ని అడగమంటున్నారు. వాడు ఫోన్‌కి అందే చోట ఉంటే కదా. అందినా అడిగేదాన్ని కాదేమో.

మే 8

అయింది. దీదీ, కుత్తే కా ముండన్? అని, కుక్కకు గుండేమిటని మంగలి నవ్వాడు. దూది కదల్లేదు. దువ్వుతారనుకుందో ఏమో, వాడికీ వీపు పెట్టి కూర్చుంది. బకెట్ నిండా బొచ్చు. లోపల ఇంత చిన్న కుక్క ఉందా అనిపించింది. మమ్మీ, యే క్యా కియా అని ప్రత్యూష ఏడ్చింది. వీపంతా గంధం రాశాను.

మే 9

హాయిగా ఉంది దానికి. నాకు తెలుసు.

మే 11, సాయంత్రం ఏడు



ఇక బొచ్చు లేదు కదా అని, ప్రత్యూష స్కూల్ బస్సు కోసం రెండింటికి దూదినీ వెంట తీసుకెళ్లాను. ఇదివరకు పొద్దు వాలితే గాని బయటికి తీసుకెళ్లేదాన్ని కాదు. బస్సు ఆలస్యం. నీడ లేదు. దూది కాళ్లు మడతపడ్డాయి. నోట్లో నురగ. అప్పుడు కూడా, బస్సు దిగిన పిల్లను చూసి తోక ఊపబోయింది. ఆటోవాడు కుక్కను ఎక్కించనని గొణిగి, దాని వాలకం చూసి నోరు మూసుకుని బండి తీశాడు.

పశువుల డాక్టర్ దాన్ని తడిపి, సెలైన్ పెట్టి బతికించాడు. వీపు కాలింది. ఎవరు గొరిగించారన్నాడు. నేనేనన్నాను. ఆ బొచ్చు రెండు పొరలట. చలినే కాదు, ఎండనూ ఆపేది అదేనట. మా తాటాకుల ఇల్లు ఎండలో ఎంత చల్లగా ఉండేదో నాకు తెలియదా. కప్పు పీకేసి చల్లగా ఉంటుందనుకున్నాను. బొచ్చు మళ్లీ వస్తుందా అంటే, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు.

మే 12

కాస్త పెరుగన్నం తిన్నది. నన్ను చూసి తోక ఊపింది. కరిచినా బాగుండేది.

జూలై 2

జయ ఫోన్. లైన్‌లో ఒకటే గరగర. దూది ఎలా ఉందన్నాడు. బాగుందన్నాను. రోజూ దువ్వుతున్నావా అన్నాడు. ఊఁ అన్నాను. ఆయన పేపర్ దించి నా వంక చూశారు. ఏమైనా అంటే పోట్లాడేదాన్ని.

అక్టోబర్ 18

కాళ్ల మీదా, తోక మీదా బొచ్చు వచ్చింది. వీపు మీద అట్లకాడంత మేర అసలు రాలేదు. కొబ్బరినూనె రాస్తున్నాను. ఇంకేం చెయ్యను.

డిసెంబర్ 14

జయ వచ్చాడు. మొహం నల్లగా కమిలిపోయింది. దూది ఎగిరి మీద పడింది. వాడు దాని మెడలో మొహం దాచుకుని వీపు నిమిరాడు. చెయ్యి ఆగిపోయింది.

నెలల తరబడి కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. గుండు చేయించానురా అన్నాను. చిన్నప్పుడు నీకు హాయిగా ఉండేది కదా అన్నాను.

వాడు తిట్టలేదు. ఎప్పుడూ హాయిగా లేదక్కా అన్నాడు. నెత్తి మండిపోయేదట. నా మొహం చూసి అలా అనేవాడట.

డిసెంబర్ 17

పోస్టింగ్ జోషీమఠ్. ఈ వీపుతో అక్కడి మంచును తట్టుకోలేదని డాక్టర్ చెప్పేశాడు. ఇక ఇది ఢిల్లీలోనే ఉండాలి, మళ్లీ ఈ ఎండల్లోనే. జయ ఒక్కడే వెళ్లాడు. దూది ఆటో వెనక పరిగెత్తబోయింది. గొలుసు నా చేతిలో ఉంది.

నా దగ్గరే ఉండిపోయిందని మనసులో ఒక మూల సంతోషం. సిగ్గుగా ఉంది.

డిసెంబర్ 18, సాయంత్రం అయిదు

దువ్వెన తీశాను. దూది వచ్చి వీపు పెట్టి కూర్చుంది. పళ్లు గుచ్చుకోకుండా, తిరగేసి దువ్వాను.