ముక్కుపుడక మీద ప్లాస్టర్

ఫిబ్రవరి 3, సోమవారం

తన్వి ఈవేళ నన్ను పేషెంట్‌గా ఉంటారా అని అడిగింది. జబ్బు లేని మనిషే కావాలట.

తన్వి మా కోడలు. హైదరాబాద్‌లో ఉండగా రెస్పిరేటరీ థెరపిస్ట్. ఐసీయూలో ఊపిరి అందని పెద్దవాళ్ళకి మిషన్ పెట్టడం, కాస్త కోలుకున్నాక మెల్లగా దాన్ని మాన్పించడం తన పని. ఇక్కడ ఐర్లండ్‌లో ఆ పేరుతో ఉద్యోగమే లేదు. నర్సులు, ఫిజియోలు పంచుకుని చేస్తారు. పెళ్ళయి ఈ ఊరొచ్చాక ఏడాది ఖాళీగా కూర్చుంది పిల్ల. మనిషి సగమైపోయింది. ఇప్పుడు ఆ మిషన్లు అమ్మే కంపెనీలో ట్రైనర్‌గా తీసుకున్నారు. ఏళ్ళ తరబడి ఐసీయూలో చేస్తున్నవాళ్ళకే మళ్ళీ పాఠం చెప్పాలి.

ప్రొబేషన్ ఈ నెలాఖరుతో అయిపోతుంది. 20న క్లాసు. మేనేజర్ అబిగేయిల్ వెనక కూర్చుని చూస్తుంది. ఆవిడకి నచ్చితేనే ఉద్యోగం నిలుస్తుంది.

సరే అన్నాను. మొహానికి మాస్క్ బిగిస్తారని ఆ తర్వాత చెప్పింది.

ఫిబ్రవరి 8, శనివారం

మా అబ్బాయి భరద్వాజ్ తను ఉద్యోగం చేసే శాండీఫోర్డ్ నుంచి నిన్ననే వచ్చాడు. వారమంతా అక్కడే కదా, శనాదివారాలే ఇల్లు.

హాల్లో రిహార్సల్. తన్వి నాకు మాస్క్ పెట్టి మిషన్ ఆన్ చేసింది. బస్సు కిటికీలోంచి తల బయటపెడితే గాలి నోట్లోకి కొడుతుంది చూడు, అలా ఉంది. మనం పీల్చకముందే అది తోసేస్తుంది. కుడిచేతి కణుపుల మీద బొటనవేలు పెట్టి నామం లెక్కపెట్టుకున్నాను. కాసేపటికి కుదుటపడ్డాను.

అమ్మ చంద్రుడి మీదకి వెళ్తోందని భరద్వాజ్ ఫొటో తీయబోయాడు. ఒకసారి నువ్వు పెట్టుకో, అప్పుడు నవ్వుదువుగాని అని తన్వి వాడి మీదే కసిరింది.

బాగుంటే ఎడమ బొటనవేలు పైకెత్తాలి. బాగాలేకపోతే చెయ్యెత్తాలి. అంతే అత్తయ్యా, ఇంకేం నేర్చుకోనక్కర్లేదు అంది. చివర్లో మరో మాట. క్లాసు రోజుకి ముక్కుపుడక తీసేయాలట.

ఊఁ అన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఎలా తీయను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పెళ్ళినాడు అత్తగారు పెట్టిన పుడక. ఈ చలిదేశానికి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో కూడా తీయలేదు. మా ఇళ్ళలో ఆడదాని ముక్కుపుడక ఎప్పుడు తీస్తారో అందరికీ తెలుసు. ఆయన షిఫ్టుకి కారెక్కి వెళ్తుంటే చూశాను. రోడ్డంతా మంచు గడ్డకట్టి ఉంది. ఆ మాట నోటితో అనడానికే భయమేసింది.

తన్వికి చెప్తే నవ్వదు. వేరే మనిషిని వెతుక్కుంటానంటుంది. ఇంత తక్కువ టైంలో ఎవరు దొరుకుతారు? నా మూఢత్వం వల్ల పిల్ల ఉద్యోగం పోతే?

తండ్రీ, నువ్వే దారి చూపాలి.

ఫిబ్రవరి 19, బుధవారం

వంటింటి ప్రెస్‌లో, అదే అల్మారాలో, ప్లాస్టర్ల డబ్బా కనపడింది. చామనఛాయ రంగువి. చిన్న ముక్క కత్తిరించి పుడక మీద అంటించి చూశాను. మొటిమకి వేసుకున్నట్టుంది. దేవుడే చూపించాడనుకున్నాను.

ఫిబ్రవరి 20, గురువారం, సాయంత్రం 4

ఇంటికి రాగానే కూర్చుని రాస్తున్నాను.

ఆసుపత్రి ట్రైనింగ్ రూమ్‌లో పదిమంది దాకా ఉన్నారు. నా ముక్కు మీదేమిటని తన్వి పొద్దున్నే అడిగింది. మొటిమ అన్నాను. తొందరలో ఉంది, నమ్మింది. మోజెస్ అనే నర్సు నాకు మాస్క్ పెట్టడానికి వచ్చాడు. పెద్ద చేతులు, మెత్తటి మనిషి. మొహం కొలిచి చిన్న సైజు తీశాడు. నాకు అదే సరైనదట. ఇంట్లో పెట్టుకున్నది పెద్దది. దాని అంచు పుడకకి తగల్లేదు. దీని అంచు సరిగ్గా దాని మీదే కూర్చుంది.

ప్లాస్టర్ పక్కనించి గాలి పోయింది. మిషన్ అరిచింది. మోజెస్ పట్టీ బిగించాడు. మళ్ళీ అరిచింది. మళ్ళీ బిగించాడు. పుడక లోపలికి దిగింది. కన్ను నిండా గాలి, నీళ్ళు. ఊపిరి మిషన్‌తో కలవలేదు. నేను వదులుతుంటే అది తోస్తోంది.

ఆల్ రైట్, ఆంటీ? అని అడిగాడు. బొటనవేలెత్తాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఎత్తాను. గ్రాండ్ అన్నాడు, ఇక్కడివాళ్ళకి అంటే బాగుందని.

చెయ్యెత్తితే క్లాసు ఆగిపోతుంది. అబిగేయిల్ చేతిలో పెన్నుంది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్నాను.

తన్వి అటు తిరిగి ఎవరికో జవాబు చెబుతోంది. ఇటు తిరిగి చూసింది. ఎత్తిన వేలు కాదు, నా ఒళ్ళో ఉన్న కుడిచెయ్యి చూసింది. కణుపుల మీద నా వేలు పరుగెత్తుతోంది. రోజూ పూజలో అది ఎంత నెమ్మదిగా కదులుతుందో తనకి తెలుసు. మాట మధ్యలో ఆపేసి వచ్చి పట్టీలు లాగేసింది.

మాస్క్ అంచున ప్లాస్టర్, కాస్త రక్తం.

"అత్తయ్యా, ఎందుకు చెప్పలేదు?"

అంతమంది ముందు తెలుగులో అడిగింది. తర్వాత వాళ్ళ వైపు తిరిగి, పెట్టేముందు ఈవిడ మొహం నేను చూసుకోవాల్సింది, చూడలేదు అని ఇంగ్లీషులో చెప్పింది. మోజెస్ నాకు సారీ చెప్తూనే ఉన్నాడు. మిగతా పాఠానికి టైం చాల్లేదు. అబిగేయిల్ ఏదో రాసుకుంది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

తన్వి ముక్కుకి మందు రాసింది. తిడితే బాగుండేది.

ఫిబ్రవరి 22, శనివారం

మెయిల్ వచ్చింది. ఉద్యోగం ఖాయం కాలేదు. తీసేయనూ లేదు. ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారు. మార్చి 6న మళ్ళీ క్లాసు. ఈసారి పాఠం వేరు. బాగానే ఉన్నానని వేలెత్తే పేషెంట్ నిజంగా బాగున్నాడో లేదో ఎలా కనిపెట్టాలన్నది. ఆ ఆంటీ మళ్ళీ వస్తారా అని అబిగేయిల్ అడిగిందట.

తన్వి నా మొహం చూసింది. అప్పుడు ఆయనకి అంతా చెప్పేశాను. పుడక తీస్తే పోయేవాణ్ణయితే నీ మొదటేడు వంటకే పోయేవాణ్ణి, తియ్యి అన్నారు. తన్వి నవ్వింది, ఈ వారంలో మొదటిసారి.

ఫిబ్రవరి 26, బుధవారం, శివరాత్రి

పుడక దేవుడి పళ్ళెంలో ఉంది. నేను ఉపవాసం. ఆయన ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నారు. మధ్యమధ్యలో చూస్తున్నాను. బాగానే ఉన్నారు.

మళ్ళీ రిహార్సల్. తన్వి చెయ్యెత్తమంది. ఎత్తాను. ఆపమని నోటితో కూడా అనమంది. అన్నాను. వినపడలేదంది.

స్టాప్ అన్నాను.

పక్కింటి కుక్క మొరిగింది.