పదకొండేళ్ల డైరీలు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నా పెళ్లికి నువ్విచ్చిన డైరీతో మొదలుపెట్టి పదకొండేళ్లుగా రాస్తూనే ఉన్నాను. ఎందుకు రాస్తున్నావని నువ్వడిగితే చెప్పలేకపోయేదాన్ని.

నిన్న వాన పడి మామిడి కోత ఆగిపోయింది. ఇంట్లోనే ఉండిపోయిన మీ మరిది ఆ డైరీలన్నీ తీసి చదివారు.

"బాపులపాడు వెళ్లి మీ అక్కని చూడాలని ఇన్నిసార్లు రాశావు. నాతో ఒక్కసారైనా అన్నావా?" అన్నారు.

"అడిగితే పంపేవారా అండీ?" అన్నాను.

ఆయన డైరీలు అక్కడే పెట్టి తోటకి వెళ్లిపోయారు.

ఆయనకి ఎదురు చెప్పడం నాకిదే మొదటిసారి. ఇన్నేళ్లూ కాగితం మీద అని అని ఉండబట్టే ఆ మాట నోటికొచ్చింది. ఇవాళ్టికీ అత్తగారిని అడగందే గడప దాటలేను. ఈ ఉత్తరం మాత్రం హాల్లో, ఆవిడ ఎదురుగానే కూర్చుని రాస్తున్నాను.

నీ చెల్లి