బొమ్మ తీసిన కాగితం

ఏలూరు

అమ్మా, నీకు బ్లెస్సీ వందనాలు.

ఫోనులో చెబుదామంటే ఎవరు వింటారోనని గుబులుగా ఉంది, అందుకే రాస్తున్నాను. ఎగ్జిబిషన్‌లో నేను నల్లకాగితం కత్తిరించి చేసిన బొమ్మలు పెట్టారు కదా. కొల్లేరుకి అడ్డంగా గట్లు, గట్ల లోపల చేపల చెరువులు, బయట ఖాళీ వలలతో మనవాళ్ళు. అందరూ మెచ్చుకున్నారు. ఆఖరి బొమ్మని మాత్రం గబగబా దాటిపోయారు. నీళ్ళలోంచి పైకి లేచిన ఎలీషా అన్నయ్య చెయ్యి, గట్టుమీద గొడుగేసుకుని చూస్తున్న మనిషి. ఆ మనిషికి కళ్ళు పెట్టలేదు, పేరు రాయలేదు. అయినా ఆ వంగిన మెడ చూసి చేపల చెరువుల నాగభూషణరావుగారని ఇట్టే పోల్చుకున్నారు.

నిన్న ఆయనే వచ్చారమ్మా. "బాగా కత్తిరించారండీ. మీ అన్నయ్యా ఇంతే, మా గట్ల గురించి ఆఫీసర్లకి ఏవేవో చెప్పాడు. పాపం, కాలు జారి పోయాడు. మీ అమ్మగారు ఒక్కరే ఉంటున్నారటగా? చెరువు పక్కనే ఇల్లు, జాగ్రత్తగా ఉండమని చెప్పండి" అన్నారు, ఎంతో మెత్తగా.

బొమ్మ గోడమీంచి తీసి ఆయన చేతిలో పెట్టేశాను. మడిచి జేబులో వేసుకున్నారు. అన్నయ్యని రెండోసారి ముంచినట్టుంది నాకు. తిడితే తిట్టు గానీ, తాడేపల్లిగూడెంలో మరియమ్మ పిన్ని దగ్గరికి వెళ్ళిపో. ఆ బొమ్మ ఇంక లేదు, మనకి గొడవ లేదు.

నీ
బ్లెస్సీ


మండవల్లి

నా బంగారుతల్లికి అమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత ఒళ్ళు మండింది. నీ మీద కాదే పిచ్చిమొద్దూ! కొడుకుని మింగినవాడు తల్లికి జాగ్రత్తలు చెబుతాడా? నేను గూడెం వెళ్ళను.

బొమ్మ లేదని నీకెవరు చెప్పారు? మన ఇంట్లో కూర్చునే కదా కత్తిరించావు. క్రిస్మస్ స్టార్లు చేసేదాన్ని, కాగితం ముక్క ఒక్కటైనా పారేస్తానా? నువ్వు బొమ్మ తీసుకున్నాక మిగిలిన నల్లకాగితం ట్రంకుపెట్టెలో దాచాను. గొడుగున్న చోట చిల్లు, మెడ దగ్గర చిల్లు, నా బిడ్డ చెయ్యి ఉండాల్సిన చోట చిల్లు.

ఈ ఏడు మన స్టార్‌కి ముందువైపు అదే అంటించాను. లోపల బల్బు పెట్టి, వెదురుగడకి కట్టి వాకిట్లో నిలబెట్టాను. ఎదురుగా వాడి చేపల మేత గోడౌను ఉంది కదా, తెల్లగోడ. చీకటి పడగానే చిల్లుల్లోంచి వెలుగు పడి, వాడు గోడంత మనిషై నిలబడ్డాడు. కాళ్ళకింద ఎలీషా చెయ్యి. కారల్స్‌కి వచ్చినవాళ్ళు పాట మధ్యలో ఆపేశారు. ఎవరూ ఇళ్ళకి పోలేదు.

ఇది రాస్తుండగానే కారు వచ్చి ఆగింది. రాత్రిపూట కూడా అదే గొడుగుతో దిగాడు. గోడమీద తన బొమ్మ పక్కనే నిలబడి, "మార్తమ్మగారూ, ఆ లైటు తీసేయండీ" అంటున్నాడు. నేను తీయను. జనం ఉన్నంతసేపూ వాడేం చెయ్యడు. ఆ తర్వాత సంగతి ప్రభువుకే తెలియాలి. ఈ ఉత్తరం పాస్టరమ్మగారి చేతికిస్తున్నాను, పోస్టు చేస్తారు.

నేనూ కాలు జారానని ఎవరైనా వచ్చి చెబితే నమ్మకు. ఆ బొమ్మే మళ్ళీ కత్తిరించు. ఈసారి నీళ్ళలో రెండు చేతులు పెట్టు.

అమ్మ,
మార్తమ్మ