లచ్చవ్వ లేదు

జనగామ, 1989, శుక్రవారం

దవాఖాన కంప్యూటర్‌లో నేను రాసిన ప్రోగ్రాం ఈ రోజే మొదలైంది. మధ్యాహ్నం గంగారం నుంచి ఒకతను వచ్చాడు.

"మా అవ్వ లచ్చవ్వ ఈడ ఉన్నదా సారూ?"

వార్డు గోడ అవతలే. చూసొద్దామని లేస్తే డాక్టరు ఆపాడు. "మిషన్ ఎందుకు కొన్నం? దాన్నడుగు."

పేరు, ఊరు కొట్టాను. "లేదు" అంది. అదే పైకి చదివాను.

అతను గుండెలు బాదుకుంటూ కూలబడ్డాడు. తల్లి "లేదు" అంటే పోయిందనే అర్థం చేసుకుంటారని నాకు తెలియదా? "లొల్లి బయట చేస్కో" అని డాక్టరు గెంటించాడు. "అవ్వను తీస్కపోను మనుషులను తోలుకొస్త" అంటూ అతను బస్సుకు పరుగెత్తాడు.

తప్పు తర్వాత దొరికింది. ప్రోగ్రాంలో ఒక్కో మనిషి వివరాల మూటను ఆబ్జెక్టు అంటాం. నేను వెతకడానికి కొత్తగా తయారుచేసిన ఆబ్జెక్టులోనూ, లోపల దాచిన ఆబ్జెక్టులోనూ అదే పేరు, అదే ఊరు. అయినా రెండూ వేరనుకుంది మిషన్. లోపలి వివరాలు ఒకటైతే రెండూ ఒక్క మనిషేనని దానికి నేను నేర్పలేదు. నేర్పాక "ఉంది" అంది. డాక్టరు చప్పట్లు కొట్టాడు.

వార్డులోకి వెళ్లాను. లచ్చవ్వ మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"నా కొడుకు వచ్చిండా బిడ్డా? బయట ఉన్నడా?"

"లేడు" అన్నాను.