రాధకిచ్చిన పాస్‌వర్డ్

ఫలక్‌నుమా,
14-8-1988, ఆదివారం

అమ్మకు,

నీ కూతురు రాహేలు ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. దేవుని దయవల్ల నేనూ నీ అల్లుడూ బాగున్నాం. జహీరాబాదులో నువ్వూ బాపూ బాగున్నారని నమ్ముతున్నాను.

నీ మోకాళ్ళకు నూనె అడిగావు. మొఘల్‌పురాలో కొని పెట్టాను, అటు వచ్చేవాళ్ళు దొరికితే పంపుతాను. నీ అల్లుడు సీమోనుకు లేతు మిషను పని బాగానే దొరుకుతున్నది. ఆఫీసులో స్నేహితులున్నారా అని కూడా అడిగావు కదా. రాధ అని ఒకమ్మాయి ఉంది. ఆ పేరు రాస్తుంటేనే ఒళ్ళు మండుతున్నది.

మా ఆఫీసుకంతా కంప్యూటర్ ఒక్కటే. ఆరుగురం ఆరు తెరల ముందు కూర్చుంటాం. ఎవరి ఖాతా వాళ్ళది, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళది. నా ఖాతాలో నా ఫైళ్ళే చెరపగలను. పెద్ద ఖాతా అని ఇంకొకటి ఉంది. దాంట్లోకి వెళ్తే ఎవరి ఫైలైనా చెరపవచ్చు. కంప్యూటర్ బాధ్యత చూసే ఉమాపతి సార్ కంటి ఆపరేషనుకు గుంటూరు పోతూ ఆ పాస్‌వర్డ్ రాధకిచ్చారు. ఇంకా పర్మనెంటు కూడా కాని రాధకు! నేను నాలుగేళ్ళుగా ఉన్నాను. సార్ వాళ్ళ గుంటూరు వైపు పిల్ల గనకే ఇచ్చారనుకున్నాను.

ఆగలేక అడిగేశాను. "నేనేం తక్కువున్న సార్? ఆమెకంటె ముందుగాల వచ్చిన గద!"

ఆయన నవ్వి, ఎవరితో అనొద్దని ఆ పాస్‌వర్డ్ నాకూ చెప్పారు. "రోజూ పనికి మాత్రం నీ ఖాతాలోనే కూర్చోమ్మా. అవసరం పడితేనే దీంట్లోకి వెళ్ళు," అన్నారు.

విన్నానా? మరునాటి నుంచి పొద్దున వచ్చింది మొదలు పెద్ద ఖాతాలోనే కూర్చున్నాను. సెలవుచీటీ టైపు చేయడానికి కూడా అదే. రాధకేసి చూసి లోలోపల మురిసిపోయేదాన్ని.

అసలు సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. మొన్న బుధవారం నా పాత ఫైళ్ళు తీసేయబోయి అన్నీ తీసెయ్యమని కొట్టాను. నా ఖాతాలో అయితే ఇవి నీవి కావని మిషను ఆపేది. పెద్ద ఖాతాలో ఏమీ అడగలేదు. మూడు నెలలు కూర్చుని ఎక్కించిన కూలీల సర్వీసు జాబితా మొత్తం పోయింది. పెద్ద ఖాతా రాధ దగ్గరే ఉందని అందరి లెక్క. పైఆఫీసరు ఆమె మీద అరుస్తుంటే నేను నోరు మెదపలేదు. అమ్మా, నాకు సంతోషం కూడా వేసింది.

నిన్న రాధ నా దగ్గరికి ఒక పొడుగు కాగితం తెచ్చింది. ఎవరు ఏ తెర నుంచి ఏ ఖాతాలోకి వెళ్ళారో మిషనే అచ్చువేస్తుంది. పెద్ద ఖాతా పక్కన ప్రతిరోజూ నా తెర నంబరే. రాధది ఒక్కసారీ లేదు.

"నాకు అవసరం రాలేదండీ, వెళ్ళలేదు," అంది. "నేను చూపిస్తే చాడీ చెప్పినట్టుంటుంది. మీరే చెప్పండి."

ఉన్న ఒక్క రుజువూ నా చేతిలో పెట్టి పోయింది. తిట్టినా బాగుండేది. ఇప్పుడు ఆ మంచితనం మీద కూడా నాకు ఏడుపే.

అన్నం ముందు కూర్చుంటే నీ అల్లుడు, "ఏంది, గట్ల కూసున్నవు? ఏం ఫికర్?" అన్నాడు. తలనొప్పి అన్నాను. రేపు జెండా పండుగ సెలవు. మంగళవారం రాధను ఉంచాలో తీసేయాలో తేలుస్తారు. నేను చెప్పకపోతే సార్ తిరిగొచ్చేసరికి ఆమె ఉండదు. పొద్దుటి నుంచి ఆ కాగితాన్ని రెండుసార్లు పొయ్యి దాకా తీసుకుపోయాను.

అందుకే నీకు రాస్తున్నాను. అన్నం తిని పడుకున్న నీ అల్లుడు లేవకముందే దీన్ని పోస్టుడబ్బాలో వేసి వస్తాను. వేశాక నీకు తెలిసిపోయినట్టే, ఇక ఆ కాగితం కాల్చలేను.

ఇట్లు,
నీ కూతురు
రాహేలు