పసుపుకు వదిలిన మూల

నవంబర్ 10, సోమవారం

పెళ్లి జాకెట్టు మడిచి పక్కన పెట్టాను. మగ్గం వర్క్ చట్రం మీద ఇవాళ నెమళ్లు లేవు, పూలు లేవు. నల్లదారం. పట్టుదారమే — ఏదో మందులో ముంచి ఆరబెట్టారు. దీనిలోంచి కరెంటు పోతుందట. మొయినాబాద్ కాలేజీలో పాఠాలు చెప్పే సంధ్య మేడం ఇచ్చింది. పోయిన నెల జాకెట్టు కుట్టించుకోవడానికి చేవెళ్లకు వచ్చి, నా పని చూస్తూ గంటసేపు కూర్చున్నావిడ.

"మిషన్‌లో పెడితే ఊరికే తెగుతోందక్కా. మీ చేతిలో ఏమవుతుందో చూడండి."

జానెడు కుట్టాను. తెగలేదు.

నవంబర్ 12

పని ఇది. మందంగా ఉన్న బట్ట. నల్లదారం పైనుంచి కిందికి, వెండి రంగు దారం కిందినుంచి పైకి. పైన ఒకచోట కలవాలి, కింద ఒకచోట కలవాలి. మధ్యలో తగలకూడదు. ఇలా రెండు వందల జతలు. బట్టకు ఒక వైపు వేడి, ఇంకో వైపు చల్లదనం ఉంటే కరెంటు పుడుతుంది. కాలేజీ క్యాంటీన్ టీ డ్రమ్ముకు చుట్టి, చిన్న బల్బు వెలిగించాలని మేడం ఆలోచన.

మా ఆయనకు చెప్పాను. ఆటో తుడుస్తూ విన్నాడు.

"ఇగ కరెంటోళ్లు జాకెట్లకు గూడ మీటర్లు పెడ్తరు."

అత్తమ్మ నవ్వలేదు. దారం వేళ్ల మధ్య నలిపి చూసింది. "ఉతికితే పోదా ఇది?"

ఆ మాట మేడంను అడగడం మరిచిపోయాను.

నవంబర్ 13

ముప్పై జతలు. రెండు విప్పాను.

నవంబర్ 17, సోమవారం

మేడం ఫోన్. డిసెంబర్ ఆఖరులో ఈ పనికి డబ్బులిచ్చే ఆఫీసు నుంచి ముగ్గురు చూడడానికి వస్తారు. బల్బు వెలిగితే పని ఇంకో ఏడాది నడుస్తుంది. నేను రోజూ కాలేజీకి వెళ్లి అక్కడి పిల్లలకు కుట్టడం నేర్పాలి. వెలగకపోతే అంతా బంద్.

"మీకిష్టమేనా అక్కా?"

"చూద్దాం మేడం" అన్నాను.

ఇష్టమే.

నవంబర్ 24

అయిపోయింది. రెండు వందల జతలు. తిప్పి చూసుకున్నాను, వెనక వైపు కూడా శుభ్రంగా వచ్చింది. మంచం మీద పెట్టి బియ్యం ఏరడానికి పోయాను.

నవంబర్ 25

మెహిదీపట్నం బస్సులో కాలేజీకి. నిలబడే వెళ్లాను, బట్ట సంచి గుండెకు ఆనించుకుని. మేడం క్లిప్పులు పెట్టింది. కింద వేడినీళ్ల గిన్నె. మీటరులో సున్నా. మళ్లీ పెట్టింది. సున్నా.

పద్నాలుగు రోజులు.

మేడం భూతద్దం పెట్టి చూస్తోంది. "అక్కా, ఈ మూలకు పచ్చగా ఏంటి?"

పసుపు. అత్తమ్మ. కొత్త బట్ట ఇల్లు దాటుతుంటే ఊరుకోదు కదా. తడి పసుపు నాలుగు మూలలా పెట్టింది. క్లిప్పు పెట్టే చోట దారం మీద పెచ్చు కట్టింది.

సిగ్గుతో చెప్పాను. మేడం ఒక క్షణం నా ముఖం చూసింది... తర్వాత కుర్చీలో వెనక్కి పడి నవ్వింది. బ్లేడుతో గీకింది. మీటరు లేచింది! అంకెలు పెరుగుతున్నాయి. నాకూ నవ్వొచ్చింది.

కానీ బల్బు ఒకసారి మిణుకుమని ఆరిపోయింది. మందమనుకున్న బట్ట కూడా ఈ వేడికి పలుచనే. వేడి అవతలికి దాటుతోంది, రెండు వైపులూ కాలుతున్నాయి. తేడా లేకపోతే కరెంటు లేదు.

నవంబర్ 26

ఇంట్లో అడిగాను. "కొత్త బట్టకు పసుపు వెట్టకుండ ఎట్ల పంపుత?" అంది అత్తమ్మ. తప్పు చేసిన ముఖమే కాదు.

డిసెంబర్ 1

మేడం మూడు రకాల బట్టలు తెప్పించింది. మూడూ పలుచనే.

డిసెంబర్ 3

పొద్దున బాగా చలి. అత్తమ్మ వాకిట్లో గొంగడి కప్పుకుని కూర్చుంది. వేడి టీ గ్లాసు గొంగడి మీదనే, మోకాలి మీద పెట్టుకుంది. కాలదా అన్నాను.

"గొంగట్లకెల్లి ఎట్ల కాల్తదే?"

చట్రం ముందు కూర్చున్నాక గానీ ఆ మాట ఎక్కలేదు. లేచి వచ్చి గొంగడి అంచు పట్టుకున్నాను.

"ఏం జేస్తున్నవ్?"

"ఒక ముక్క కావాలె అత్తమ్మ. మూరెడు."

"నా గొంగడి కోస్తవా! నీ కరెంటుకు?"

డిసెంబర్ 4

బేరం కుదిరింది. ముక్క ఇస్తుంది. పసుపు పెట్టనివ్వాలి. "గా పసుపు లేకుంటే ముక్క లేదు, పో."

డిసెంబర్ 5

మేడంకు చెప్పాను. కోప్పడుతుందేమో అనుకున్నాను. కాగితం తీసి కొత్తగా గీసింది. దారాలన్నీ ఒక గీతలా తిరిగి తిరిగి వస్తాయి, ఒక మూల మాత్రం ఖాళీ. అందులో పెన్నుతో రాసింది — పసుపు.

"మీ అత్తమ్మకు చెప్పండి, ఆమె ప్లేస్ రిజర్వ్ చేశానని."

డిసెంబర్ 8

మగ్గం పనికి వాడే ఆరీ సూది గొంగడిలో వంగిపోయింది. గోనెసంచులు కుట్టే దబ్బనం తీశాను. దాంతో దారి చేసి, వెనకే మామూలు సూదితో దారం. నల్ల గొంగడి, నల్లదారం. కన్ను పట్టదు, వేలు పడుతుంది. సుద్దముక్కతో చుక్కలు పెట్టుకున్నాను.

డిసెంబర్ 11

నూట పది. చూపుడువేలికి రెండు పోట్లు. పెళ్లి జాకెట్టు వాళ్లు ఫోన్ చేశారు, వచ్చే వారం అన్నాను.

డిసెంబర్ 16

రెండు వందలు. అత్తమ్మ స్నానం చేసి వచ్చి పసుపు పెట్టింది. తన మూలలోనే. వేలు గీత దాటకుండా, నాకంటే జాగ్రత్తగా.

డిసెంబర్ 17

వెలిగింది!

కాలేజీ క్యాంటీన్‌లో, టీ డ్రమ్ము చుట్టూ నా గొంగడి. అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి మధ్యలో, కొద్దికొద్ది కరెంటు కూడబెట్టి బల్బుకు ఇస్తుంది. ముందు ఏమీ లేదు. తర్వాత ఎర్రగా, కంది గింజంత. ఆరలేదు. పది నిమిషాలు, ఇరవై... ఆరలేదు. గొంగడి బయటి వైపు చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

మేడం నన్ను పట్టుకుని గట్టిగా ఊపింది. టీ పోసే యాదయ్య గ్లాసులు పట్టుకుని వచ్చిన వాళ్లను ఆపేశాడు. "ఆగున్రి, ఆగున్రి! చాయ్ అయిపోతే బల్బు బంద్ అయితది!"

బస్సులో కిటికీ సీటు. చేవెళ్ల దాకా ఏమీ చూడలేదు.

డిసెంబర్ 18

ఆయన రెండుసార్లు అడిగాడు, ఎంత పెద్దగా వెలిగిందని. కంది గింజంత అన్నాను. ఆటో అడ్డా మీద శనగ గింజంత అని చెప్పాడట.

డిసెంబర్ 29, సోమవారం

ముగ్గురు వచ్చారు. నేను గోడ పక్కన. బల్బు వెలిగింది, ఆరలేదు. ఇద్దరు ఫోటోలు తీసుకున్నారు. పెద్దాయన గొంగడి తిప్పి చూశాడు. పసుపు చూశాడు. తర్వాత —

"దీన్ని ఉతకొచ్చా?"

మేడం కాగితాలు తిరగేస్తోంది. అత్తమ్మ నవంబర్‌లోనే అడిగింది. నేనే మరిచిపోయాను.

"ఉతికి తెస్తా సార్" అన్నాను. నా గొంతే.

ఆయన మొదటిసారి నా వైపు చూశాడు. "తీసుకురండి. చూసి చెప్తాం."

బయటికొచ్చాక మేడం, "దారం మందు నీళ్లలో పోతే అక్కా?"

"పోతే మళ్లీ కుడ్తా మేడం."

డిసెంబర్ 31

అత్తమ్మకు చెప్పాను. ఎంత సంతోషమో ముఖంలో. "నేన్జెప్పలే? ఉతకనిది బట్టెట్లయితది? తే ఇటు. సబ్బు పెట్టకు, ఉన్ని. కుంకుడుకాయలు నానేస్త."

జనవరి 1

ఇద్దరం వాకిట్లో. పిండకుండా, బాదకుండా, అరచేతులతో ఒత్తడమే. మొదటి నీళ్లు నల్లగా వచ్చాయి. దారం మందేనేమో అని చేతులు వెనక్కి తీశాను.

"గది గొంగడి మురికే. పదేండ్లది" అంది అత్తమ్మ. అయినా నావైపు చూడలేదు.

రెండో నీళ్లు తేటగా. మూడో నీళ్లు ఇంకా తేటగా.

తీగ మీద వేశాను. పసుపు మూల ఒక్కటే వెలిసింది.

జనవరి 2, శుక్రవారం

మేడం పొద్దున్నే వచ్చింది, మీటరుతో. బస్సు దిగి పరుగున వచ్చినట్టుంది. తడిలో చూడవద్దు, పూర్తిగా ఆరాలి, తడి అబద్ధం చెబుతుంది అంది. ముగ్గురం తీగ కింద కూర్చున్నాం. ఆయన ఆటో స్టార్ట్ చేసి మళ్లీ ఆపేశాడు, "జరసేపు చూసి పోత" అంటూ.

అత్తమ్మ గిన్నెలో పసుపు కలిపి పెట్టుకుంది. ఎండ గోడ దిగింది. పొయ్యి మీద టీ కాగుతోంది, ఎవరూ పోసుకోవడం లేదు.

గొంగడి పై వైపు ఆరింది. కింద చెయ్యి పెట్టి చూశాను. ఇంకా కొంచెం తడి ఉంది, చల్లగానే...